దగ్గు కూడా ఒక బలమే



కట్లపాము కాటు సంగతి మన ఊళ్లల్లో కొత్త కాదు. కరిచిన చోట పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగలేరు. ఆ ఉమ్మే గొంతులో నిండి ఊపిరికి అడ్డం పడుతుంది. దగ్గితే పోయేదే, కానీ దగ్గడానికీ కండరాల్లో సత్తువ ఉండాలి కదా! ఒకప్పుడు పోలియో కూడా ఇట్లాగే చంపేది. ఆ చరిత్ర చదివాక మీతో పంచుకోవాలనిపించింది.

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు పడిపోయిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. మనిషిని లోపల పడుకోబెట్టే ఇనుప డబ్బా మిషన్ అక్కడ ఒక్కటే ఉంది, ఛాతీకి కట్టేవి ఆరు. అవి ఛాతీని కదిలిస్తాయి గానీ గొంతులోని కళ్లెను తీయలేవు. ఆగస్టు 27న మత్తు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ పన్నెండేళ్ల పాపకు మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, కళ్లెను పీల్చి తీసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. పాప బతికింది.

మరి మిగతా వాళ్లందరికీ సంచి నొక్కేదెవరు? విద్యార్థులే! సుమారు 1500 మంది, ఇంచుమించు మన వయసు వాళ్లు, వంతులేసుకుని నెలల తరబడి రాత్రింబవళ్లు నొక్కారు. చావులు సగానికన్నా తగ్గాయి.

దాదాపు అదే కాలంలో అమెరికాలో ఆల్వన్ బరాక్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్లు దగ్గించే మిషన్ మీద పనిచేశారు. ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టి గాలిని లోపలికి నింపుతుంది, వెంటనే గట్టిగా వెనక్కి లాగేస్తుంది. ఆ ఊపుకి కళ్లె బయటికొస్తుంది. కానీ మెడకు రంధ్రం చేసి గొట్టంతో కళ్లె తీయడం అందరికీ అలవాటైపోయి ఈ మిషన్ని పక్కన పెట్టేశారు. మళ్లీ 1993లో ఎమర్సన్ కంపెనీ దాన్ని కొత్తగా తెచ్చింది. కండరాలు క్షీణించే జబ్బుల వాళ్లు చాలామంది రంధ్రం అక్కర్లేకుండా ఇంట్లోనే వాడుకుంటున్నారు. మంచి వస్తువుని అన్నేళ్లు మూలన పెట్టడం మాకైతే బాధే అనిపించింది.

ఆ మిషన్ మన ఏజెన్సీకి ఎప్పుడొస్తుందో గానీ, 1956లో అదే డెన్మార్క్‌లో పుట్టిన అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కే ఆ సంచి, ఇప్పుడు అంబులెన్సుల్లో ఉంటోంది. రోడ్డు దాకా మోయాల్సింది మాత్రం మనమే. డోలీలో వెల్లకిలా పడుకోబెడితే ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి, నోరు కిందికి వాలేలా పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, పసరు ఏదీ పోయొద్దు. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఉంటుంది. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే బయల్దేరండి.