యోయితోమకె పాట

చిన్నోడా, ఆ తాటిమట్ట కాస్త లోపలికి తొయ్యి, పొగంతా నానమ్మ మొహం మీదకే పోతోంది. అమ్మడూ, నువ్విలా నా పక్కకి రా. జపాన్ పాట సంగతి చెప్పమన్నావుగా.

అప్పట్లో మన విశాఖ రేవు నుంచి ఇనుప ఖనిజం జపాన్‌కి పోయేది. నేను ఆ ఓడల మీద పనిచేశాను. 1967 కాబోలు, అక్కడ సరుకు దించడం ఆలస్యమై నాలుగు రోజులు ఆగిపోయాం. సాయంత్రం ఒడ్డున ఒక చిన్న కొట్లో కూర్చుంటే రికార్డు పెట్టారు. పాట ఎత్తుకోవడమే బరువు లాగే కూలీల కేక! భాష ఒక్క ముక్క తెలీదు. అయినా మన ‘ఐలెస్సా’ వినబడితే పోల్చుకోలేనా? పక్కనున్న రేవు మేస్త్రీ వచ్చీరాని ఇంగ్లీషులో కథంతా చెప్పాడు.

పాడినాయన మారుయామా అకిహిరో. తర్వాత 1971లో ఇంటిపేరు మివా అని మార్చుకున్నారు. నాగసాకిలో పుట్టారు. బాంబు పడిన నాటికి పదేళ్ల పిల్లాడు, ఇంట్లో బొమ్మ గీసుకుంటున్నాడట. సంగీతం నేర్చుకుందామని టోక్యో వెళ్లాక ఇల్లు చితికిపోయి, కొన్నాళ్లు రైల్వే స్టేషన్లో పడుకున్నారు. ఆఖరికి గింజాలో ‘గిన్‌పారి’ అనే కాఫీ హోటల్లో పాడే పని దొరికింది. ఫ్రెంచి పాటలకి జపాన్ మాటలు తనే రాసుకుని పాడేవారు. గిల్బెర్ బెకో పాట ‘మెకె మెకె’ని 1957లో అలాగే పాడితే దేశం అదిరిపోయింది. మగవాడు మొహానికి రంగేసుకుని, ఆడవాళ్ల సొగసుతో నిలబడి, మర్యాదస్తులు నోట పలకని తిట్లు పాటలో పాడితే ఆ రోజుల్లో ఊరుకుంటారా? పైగా తన ప్రేమ మగవాళ్ల మీదేనని దాచకుండా చెప్పేశారు. దాంతో పేరు పడిపోయింది. దాచుకుంటే సుఖంగా గడిచిపోయేది. దాచుకోలేదు చూడు, అక్కడే నాకు ఆయన మీద గౌరవం.

ఆ తర్వాత చికుహో బొగ్గు గనుల ఊళ్లో కచేరీ. తళతళలాడే బట్టల్లో వేదికెక్కి చూస్తే, ఎదురుగా కూలి డబ్బులు కూడబెట్టి టికెట్టు కొనుక్కున్న గని కూలీలు. వాళ్ల కోసం పాడదామంటే తన దగ్గర ఒక్క పాట లేదు. ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ ‘యోయితోమకె’ పాట.

యోయితోమకె అంటే ఏటనుకున్నావు? పునాది నేల గట్టిపరిచే పని. దుంగలు నిలబెట్టి, కప్పీకి బరువైన గుండు వేలాడదీసి, చుట్టూ నిలబడ్డవాళ్లు తాళ్లు పట్టుకుని ఒక్కసారి లాగి వదిలేస్తారు. దభీమని పడుతుంది. మళ్లీ లాగుతారు. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లూ లాగేవారు. పాటలో కుర్రాణ్ణి ఆ కూలిదాని కొడుకని బడిలో ఏడిపిస్తారు. ఏడుస్తూ ఇంటికొస్తుంటే, దారిలో మట్టి కొట్టుకుపోయి తాడు లాగుతున్న అమ్మ కనబడుతుంది. వాడు కళ్లు తుడుచుకుని మళ్లీ బడికే పోతాడు. పెద్దయ్యాక ఇంజనీరవుతాడు.

మా అమ్మ రోడ్డు పనిలో దిమ్మిస కొట్టేది. సాయంత్రం ఇంటికొచ్చాక అరచేతులకి ఆముదం రాయమనేది. రాస్తుంటే నా వేళ్లకి బొబ్బలు గరుగ్గా తగిలేవి. మేస్త్రీ చెప్పడం ఆపేశాక నేను చాలాసేపు నోరెత్తలేదు.

ఆ పాటలో కూలీల్ని పిలిచే మాటలు కించపరిచేవంటూ ప్రైవేటు రేడియోలు, టీవీలు ఏళ్ల తరబడి దాన్ని దూరం పెట్టాయి. నాకిప్పటికీ కోపమే. ఆ మాటల్తోనే కదా వాళ్లు పిల్లల్ని పెంచుకున్నది!

2012 డిసెంబరు ఆఖరి రోజు రాత్రి, జపానంతా చూసే ఎన్‌హెచ్‌కే పాటల పండగలో, 77 ఏళ్ల వయసులో మొదటిసారి ఆయన్ని పిలిచారు. మీ నాన్న తర్వాత కంప్యూటర్లో పెట్టి చూపించాడు. నల్ల బట్టలు, నల్ల జుట్టు. తళుకు లేదు, రంగుల దీపాలు లేవు. చీకట్లో ఆయన ఒక్కరే. కాసేపు పిల్లాడి గొంతు, కాసేపు తల్లి గొంతు. మధ్యమధ్య ఆ కేక.

‘‘ఏటి నాన్నా, చేతులలా లాగుతున్నావు?’’ అన్నాడు మీ నాన్న.