వెల్లకిల పడిన తరువాత: జూడో, బ్రెజిలియన్ జియు-జిత్సుల చీలిక – కొత్త అభ్యాసకుని ఎంపిక

వ్యాససంగ్రహం: జూడో, బ్రెజిలియన్ జియు-జిత్సు ఒకే విద్య నుండి పుట్టి, ప్రధానంగా పోటీ నియమాల కారణంగా వేరుపడ్డాయి. ఆ క్రమాన్ని పరిశీలించి, పట్టువిద్యను కొత్తగా నేర్వదలచినవారి ఎంపికకు అది ఏ విధంగా తోడ్పడుతుందో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జూడో, జియు-జిత్సు, కోడోకాన్, కానో, మాయెదా, పోటీ నియమాలు.

1. ప్రవేశిక

మన కుస్తీలో వెల్లకిల పడినవాడు ఓడినట్లే. విరాటపర్వంలో జీమూతుణ్ణి భీముడు పైకెత్తి నేలకు విసరడంతో ఆ పోరు ముగుస్తుంది. జూడో తీర్పు కూడా ఈ భావనకు దగ్గరగానే ఉంటుంది. ప్రత్యర్థిని అదుపుతో, వేగంతో, బలంగా వీపు మీద పడవేస్తే 'ఇప్పోన్' లభించి పోటీ అక్కడే ఆగిపోతుంది. బ్రెజిలియన్ జియు-జిత్సులో అదే విసురుకు రెండు పాయింట్లు మాత్రమే వస్తాయి. పోరు కొనసాగుతుంది. వెల్లకిల పడినవాడు తన కాళ్లతో పైవాణ్ణి బంధించి, మెడనో చేతినో చిక్కించుకొని గెలవవచ్చు. ఈ రెంటిలో దేనిని ఎంచుకోవాలని అడిగేవారికి సాధారణంగా 'నిలబడి పోరాడాలంటే జూడో, నేల మీదైతే జియు-జిత్సు' అన్న సమాధానం వస్తుంది. అది తప్పు కాదు గాని, ఆ తేడా ఎలా ఏర్పడిందో చెప్పదు.

2. ఒకే మూలం

జిగోరో కానో (1860–1938) తెంజిన్ షిన్యో, కితో అనే రెండు జుజుత్సు సంప్రదాయాలను అభ్యసించి, 1882లో టోక్యోలోని ఎయిషోజీ బౌద్ధాలయంలో కోడోకాన్‌ను స్థాపించారు. అది పన్నెండు చాపలు పట్టే గది. అప్పటికే ఎన్నో జుజుత్సు శాఖలు ఉండగా కోడోకాన్ నిలదొక్కుకోవడానికి ముఖ్యకారణం దాని అభ్యాసపద్ధతి. ప్రమాదకరమైన దెబ్బలను పక్కనపెట్టి, మిగిలిన పట్లను ప్రతిఘటించే తోటివాడిపై ప్రతిదినం పూర్తి శక్తితో ప్రయోగించే 'రందోరి'కి కానో ప్రాధాన్యమిచ్చారు. ఓటమిని అంగీకరిస్తూ చేత్తో తట్టగానే వదలివేయడం దీనికి ఆధారం. నేటి జియు-జిత్సు శిక్షణశాలల్లో జరిగే అభ్యాసం కూడా ఇదే పద్ధతి.

కానో శిష్యసంస్థ నుండి మిత్సుయో మాయెదా 1904లో తోమితాతో కలిసి అమెరికా వెళ్లారు. అనేక దేశాలు తిరిగి 1914లో బ్రెజిల్ చేరి, తరువాత బెలేం నగరంలో స్థిరపడి, 1941లో అక్కడే మరణించారు. విదేశాలలో ఆనాడు 'జూడో' అన్న పేరుకు ప్రచారం తక్కువ. కోడోకాన్ విద్యను సైతం జియు-జిత్సు అనే పిలిచేవారు. బ్రెజిల్‌లో ఆ పాతపేరే నిలిచిపోయింది. పేరు వేరు కావడం వల్ల విద్య కూడా మొదటినుండి వేరన్న భ్రమ బలపడిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

3. నేల మీద చీలిక

జూడోకు నేలపోరు తెలియదన్నది చరిత్రకు నిలవని మాట. 1914 నుండి క్యోటో సామ్రాజ్య విశ్వవిద్యాలయం ఉన్నత పాఠశాలల మధ్య 'కోసెన్' పోటీలు నిర్వహించింది. వాటిలో ప్రత్యర్థిని విసరకుండానే నేలకు లాగవచ్చు. విద్యార్థులకు శిక్షణకాలం తక్కువ. విసురులలో నైపుణ్యం రావడానికి ఏళ్లు పడుతుంది, నేలపట్లు అంతకంటే త్వరగా అలవడతాయి. ఫలితంగా ఆ బడులలో నేలపోరు అసాధారణంగా వికసించింది. కాళ్లతో మెడను త్రికోణంగా బిగించే 'సాంకాకు' పట్టు అభివృద్ధి చెందినది ఈ వాతావరణంలోనే. నేలపోరు విసురులను మింగివేస్తుందేమోనన్న ఆందోళనతో కోడోకాన్ 1925లో నేరుగా నేలకు దిగడాన్ని తన నియమాలలో పరిమితం చేసింది.

ఆ కట్టుబాటు లేని బ్రెజిల్‌లో కార్లోస్ గ్రేసీ, ఆయన తమ్ముడు హేలియో (1913–2009) నేలపోరునే తమ విద్యకు కేంద్రంగా మలచుకున్నారు. బలహీనుడైన హేలియో ఒక కొత్త విద్యను సృష్టించాడన్న కథనం ప్రచారంలో ఉంది. అది కుటుంబగౌరవానికి పనికివస్తుంది గాని, చరిత్రగా స్వీకరించలేము. రియో శివారులో పేదపిల్లలకు నేర్పిన ఓస్వాల్దో ఫద్దా వంటివారు గ్రేసీల పరిధికి వెలుపలనే వర్ధిల్లారు.

1951 అక్టోబరు 23న మరకానా మైదానంలో జపాన్ జూడో యోధుడు మసాహికో కిమురా హేలియోను ఓడించారు. విసరి, నేల మీద అదిమి, చేతిని వెనుకకు మెలిపెట్టారు. హేలియో లొంగకపోగా కార్లోస్ తువాలు విసిరి పోరు ఆపించారు. జూడోలో 'ఉదె-గరామి' అనే ఆ పట్టును జియు-జిత్సు లోకం నేటికీ 'కిమురా' అని వ్యవహరిస్తుంది. ఓడించినవాని పేరును ఓడినవారే పాఠ్యక్రమంలో నిలుపుకోవడం క్రీడాచరిత్రలో అరుదు.

4. నియమాలు మలచిన శరీరాలు

1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో చేరింది. ఆ తరువాతి మార్పులు విసురులకే మొగ్గుచూపాయి. 2010లో అంతర్జాతీయ సమాఖ్య కాళ్లను నేరుగా పట్టుకొని దాడిచేయడాన్ని నిషేధించింది. బరువైన సహాధ్యాయిని ఓడించడానికి కానో పాశ్చాత్య కుస్తీని పరిశీలించి రూపొందించుకున్న 'కాతా-గురుమా', తొడను చేతితో పట్టే తన పాతరూపంలో నేటి పోటీలలో చెల్లదు. జియు-జిత్సు కూడా ఇదే దోవన నడిచింది. రక్షణవలయాన్ని దాటితే మూడు, పైన కూర్చుంటే నాలుగు, విసిరితే రెండు పాయింట్లన్న లెక్క వల్ల, విసరడం రాకుండానే చాలా దూరం పోగల అభ్యాసకులు తయారయ్యారు. జూడోలోనేమో నేల మీద పురోగతి లేదనిపిస్తే రెఫరీ త్వరలోనే లేపి నిలబెడతాడు.

5. ఎంపిక

కొత్తవారికి అసలు ప్రమాదం మొదటి నెలల్లో ఉంటుంది. జపాన్ పాఠశాలల జూడోలో 1983 తరువాతి మూడు దశాబ్దాలలో వందకు పైగా విద్యార్థులు మరణించారు. వారిలో తలకు దెబ్బతగిలినవారు, అభ్యాసం మొదలుపెట్టి ఎక్కువకాలం కానివారు అధికం. పడటం నేర్వకముందే బలంగా విసిరించుకోవడం అందుకు ఒక ముఖ్యకారణం. జియు-జిత్సులో అభ్యాసం తరచుగా కూర్చొనే మొదలవుతుంది కనుక అలా పడే అవకాశం తక్కువ. అయితే మోచేయి, మోకాలు, భుజం అక్కడ దెబ్బతింటాయి.

ఇరవై ఏళ్ల లోపువారికి, చాపలు సరిగా ఉండి ఓపికగా నేర్పే గురువు దొరికితే, జూడోతో ఆరంభించడమే మేలు. పడటం, తూకం, అడుగు వయసు మీరాక కష్టపడి తెచ్చుకోవలసినవి. ముప్పై దాటినవారికి, ఎముకలపై భారం కోరనివారికి జియు-జిత్సు నయం. నేలపట్లు త్వరగా అలవడతాయన్న కోసెన్ అనుభవం ఇక్కడ వారికి అనుకూలం.

రవీంద్రుని ఆహ్వానంపై కోడోకాన్ శిక్షకుడు షింజో తకగాకి 1929లో శాంతినికేతన్‌కు వచ్చి జూడో నేర్పారు. అంత పాత పరిచయం ఉన్నప్పటికీ మన చిన్న పట్టణాలలో నేటికీ రెండు శిక్షణశాలల మధ్య ఎంచుకునే వీలు తక్కువ. ఉన్న ఒక్క చోటనే చేరవలసివస్తే, ముందు ఒక తరగతి పూర్తిగా కూర్చొని చూడాలి: తెల్లబెల్టువారికి విసురుకు ముందు పడటం నేర్పుతున్నారా, చేత్తో తట్టిన మరుక్షణం పట్టు వదలుతున్నారా అని. ఇందులో ఒకటి లోపించినా, గోడపై ఉన్న చిత్రపటం కానోదైనా గ్రేసీదైనా, అక్కడ రుసుము కట్టకపోవడమే మంచిది.