స్టీరింగ్ షాఫ్ట్ మరమ్మతు (పాత జీపులు, పికప్‌లు)

స్టీరింగ్ చక్రం తిప్పిన బలాన్ని స్టీరింగ్ గేర్‌బాక్సుకు చేర్చే ఉక్కు కడ్డీ స్టీరింగ్ షాఫ్ట్. మహీంద్రా ఒకప్పుడు విల్లీస్ జీపులు తయారు చేసేది. ఆ కోవకు చెందిన పాత బండ్లలో షాఫ్టు, దాని కింది చివరనున్న వార్మ్ (మరలాంటి గేరు) ఒకే భాగం; విడిగా మార్చలేం. అందుకే పైన చక్రం బిగించే చోట స్ప్లైన్ పళ్లు (నిలువు గాళ్లు) అరిగినా, మధ్యలో వంగినా మెకానిక్కు ముందుగా వెల్డింగే గుర్తొస్తుంది. అది తప్పు. ప్రతి మలుపులోనూ షాఫ్టు ఇటూ అటూ మెలిపడుతుంది. వెల్డింగ్ వేడికి అతుకు అంచున ఉక్కు గుణం మారి, పగులు అక్కడే పుడుతుంది.  జాతరకు జనంతో బయల్దేరిన బండిలో షాఫ్టు తెగితే డ్రైవరు చేతిలో చక్రం ఒక్కటే మిగులుతుంది.

అతికించినవి ఏళ్లుగా నడుస్తున్నాయి కదా అంటారు. నిజమే, కానీ పదేపదే మెలిపడటంతో వచ్చే అలసట పగులు లోలోపల పెరిగి చెప్పాపెట్టకుండా తెగుతుంది. నిన్నటిదాకా నడవడం రేపటికి హామీ కాదు. కొత్తది దొరకదన్న అభ్యంతరం బలమైనదే. దానికి జవాబు, సరైన మిశ్రమ ఉక్కుతో లేత్‌పై కొలతకు తిప్పించి, స్ప్లైన్లు కోయించి, గట్టిపరచడం. పాత సామాను కొట్లో దొరికిన షాఫ్టయితే కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాలి; పగులుంటే తెల్లటి పొడిమీద సన్నని తడి గీత తేలుతుంది. గీత కనిపించిన షాఫ్టును బిగించకూడదు.