వీలునామా తగవులు – కాలదోషము

ఇంటి పెద్ద కాలముచేసిన పిమ్మట కర్మాంతరములు ముగియువరకు కొడుకులు, కోడండ్రు ఒక్క కప్పు క్రిందనే యుందురు. పండ్రెండవనాడో, పదమూడవనాడో పెట్టె తెరచి కాగితము బయటకు తీయుదురు. అందొకరి పేరు లేకున్నను, ఒకరి పేరు రెండు మారులున్నను ఆ యింటి కథ కోర్టు మెట్లెక్కును. ఇట్టి వ్యాజ్యములలో గెలుపోటములను ధర్మాధర్మములే నిర్ణయించునని మన తలంపు. పాత తీర్పులను తిరుగవేసి చూచిన మాకు మాత్రము, పెక్కింటిలో నిర్ణయించినది పంచాంగమేమో యని తోచినది.

గడువు అను భావము దొరలతో వచ్చినది కాదు. తన భూమిని పరుడు అనుభవించుచుండగా కన్నులార చూచుచు ఇరువదియేండ్లు నోరు మెదపనివాడు దానిని కోల్పోవునని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఇతర ధనమునకు పదియేండ్లే. విజ్ఞానేశ్వరుడు తన మితాక్షరలో ఈ కాఠిన్యమును తగ్గించి, పోవునది భూమి కాదు, అంతవరకు వచ్చిన ఫలమే యని వ్యాఖ్యానించెను. బాలురు, స్త్రీలు, మందబుద్ధులు మొదలగువారి సొత్తునకు ఈ నియమమే వర్తింపదనియు స్మృతియే చెప్పుచున్నది. తిక్కన సమకాలికుడైన కేతన 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమును తెనిగించుటచే ఈ వ్యవహారధర్మము తెలుగువారికి తమ భాషలోనే అందుబాటయ్యెను.

స్మృతులలో లేనిది వీలునామాయే. ఆ మాటను చూడుడు: ఆంగ్లపు ‘విల్లు’నకు పారసీకపు ‘నామా’ను అతికి మనవారు చేసికొన్నది. సొత్తు ఉమ్మడి కుటుంబమునదైనచో చనిపోవువాడు వ్రాసియిచ్చుటకు తనదనునదేమి కలదు? చెన్నరాజధానిలో హిందువునకు మరణశాసనాధికారము కలదని ప్రీవీ కౌన్సిల్ 1856లో అంగీకరించినను, అవిభక్తుని వాటా మాట వేరు. 1874లో మదరాసు హైకోర్టు చెప్పిన హేతువు మిక్కిలి సూక్ష్మమైనది. వీలునామా అమలులోనికి వచ్చునది మరణక్షణమున; బ్రతికియున్న దాయాదులకు వాటా సంక్రమించునదియు ఆ క్షణముననే. ఆ రెంటిలో దాయాదుల హక్కే ముందు నిలుచును. 1956 నాటి హిందూ వారసత్వపు చట్టము అవిభక్తుని వాటాకును వీలునామాను అనుమతించువరకు ఈ నియమమే నడచినది.

వీలునామా ఎట్లుండవలెననుటలో మరియొక చిత్రము. 1870 నాటి చట్టము వ్రాతయు, ఇద్దరు సాక్షులును ఉండవలెననెను. కాని చెన్నరాజధానిలో అది చెన్నపట్టణమునకు మాత్రమే. గుంటూరులోనో, రాజమహేంద్రవరములోనో చనిపోవువాడు నోటితో చెప్పిన మాటయు చెల్లెడిది. 1927 జనవరి 1వ తేదీ మొదలుకొని వ్రాయు ప్రతి హిందువు వీలునామాకును వ్రాత, సాక్షులు విధిగా వచ్చినవి. అంతవరకు, మంచము చెంత నిలిచినదెవరు, వారి చెవిని పడినదేమి, రోగికి తెలివి యుండెనా యని కోర్టులు విచారింపవలసి వచ్చెడిది. పదియేండ్ల తరువాత వేసిన దావాలో ఆ మంచము చుట్టునున్నవారిలో ఎందరు మిగిలియుందురు? గడువు చట్టములు ఎందుకు పుట్టెనో తెలియుటకు ఈ యొక్క ప్రశ్న చాలును.

చెన్నరాజధానిలో 1802 నాటి రెండవ రెగ్యులేషను దావాలకు పండ్రెండేండ్లు పెట్టెను. దేశమునకంతకు ఒకే కాలపరిమితి చట్టము 1859లో వచ్చెను. అటుపిమ్మట 1871, 1877, 1908, 1963 సంవత్సరములలో మార్చి వ్రాసిరి. స్థిరాస్తి స్వాధీనమునకు పండ్రెండేండ్ల లెక్క నేటికిని నిలిచియున్నది. రెండేండ్ల పసివాని సొత్తు పరుల పాలైనచో ఆ గడువు వాని పదునాల్గవయేటనే తీరును గనుక, మైనారిటీ తీరిన పిదప మూడేండ్లిచ్చిరి. అయితే పెద్దన్న మేజరై కుటుంబపు ఆస్తిని నిర్వహించుచు, అందరి పక్షమున చెల్లుచీటి ఇయ్యగలవాడైనచో, తమ్ముల కాలము అన్నగారి గడియారముతోనే నడచును. అన్న యూరకున్న పాపము తమ్ములను తగులుట మాకు కఠినముగనే తోచుచున్నది.

గడువు మీరినవానికి ఒక చిన్న తలుపు కలదు. తగిన కారణము చూపినచో కోర్టు ఆలస్యమును మన్నింపవచ్చును. అశ్రద్ధయు, దురుద్దేశమును లేనిచోట ‘తగిన కారణము’ అను మాటను ఉదారముగా గ్రహింపవలెనని 1889లో మదరాసు హైకోర్టు చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 1961లో ఆదరముతో స్మరించినది. తీర్పు నకలు కొరకు వేచిన దినములను లెక్కనుండి తీసివేయుదురు. కడపటి దినము సెలవైనచో తెరచిననాడు దాఖలు చేయవచ్చును.

అన్నిటికంటె ఎక్కువ కొంపలు ముంచినది మరియొక గడువు. దావాలో కక్షిదారు మరణించినచో తొంబది దినములలో ఆతని వారసులను రికార్డులోనికి తేవలెను. లేనిచో ఆ మేరకు దావా తనంత తానే పడిపోవును. దానిని తిరిగి నిలబెట్టుమని అడుగుటకు అరువది దినములు. అన్నదమ్ముల వ్యాజ్యమున ఈ నియమమెట్లుండునో ఊహింపుడు. పదియేండ్లుగా మాటలు లేని అన్న మరే యూరనో మరణించును. తమ్మునికి కబురు పంపువారుండరు. ఐనను తమ్ముడు కోర్టుకు వచ్చి ‘నాకు తెలియదు’ అనుటకు నోరాడదు. పదిదినములు మైల పట్టవలసిన దాయాది గదా, తెలియదన్నచో నమ్మువారెవరు? ఈ చిక్కును గుర్తించియే 1976లో సివిల్ ప్రొసీజరు కోడును సవరించి, తన కక్షిదారుని మరణము తెలిసిన వకీలు ఆ సంగతిని కోర్టునకు తెలుపవలెనని విధించిరి. ఇల్లు పంపని కబురును వకీలుచే పంపించినారన్నమాట.

ప్రొబేటునకు గడువున్నదా యను వాదము చాలకాలము సాగినది. మూడేండ్ల నియమము దానికిని వర్తించునని, అయితే ఆ లెక్క మరణదినమునుండి కాక, దరఖాస్తు చేయు హక్కు కలిగిననాటినుండియే యని 2008లో సుప్రీంకోర్టు తేల్చెను. ఆలస్యము పెరిగినకొలది కాగితముపై అనుమానమును పెరుగును.

రిజిస్ట్రేషనుకు మాత్రము వీలునామా గడువు లేని దస్తావేజు. క్రయపత్రమును నాలుగు మాసములలో దాఖలు చేయవలెను. వీలునామాను ఎప్పుడైనను చేయవచ్చును. వ్రాసినవాడు దానిని సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచి పోవచ్చును. ఆతని మరణానంతరము ఎవరైనను వచ్చి అడిగినచో తెరచి పుస్తకములోని కెక్కింతురు. ఆ సంగతి ఇంటివారికి చెప్పకయే ఆతడు కన్నుమూసెనా, కవరు రిజిస్ట్రారుగారి యినుపపెట్టెలోనే యుండును. ఇంటియొద్ద అన్నదమ్ములు మరియొక కాగితము మీద వ్యాజ్యమాడుచుందురు.