గుడిలో పుస్తకాల కొట్టు

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో డొమినికన్ సన్యాసుల చర్చి ఉంది. 1294లో ప్రతిష్ఠ. 1794లో ఫ్రెంచి సైన్యం ఊరిని పట్టుకున్నాక అక్కడ ఆరాధన ఆగిపోయింది. తర్వాత గిడ్డంగి అయింది, సైకిళ్లు పెట్టుకునే చోటూ అయింది. 2006లో పుస్తకాల దుకాణం తెరిచారు. నాకు బాగా నచ్చింది ఆ దుకాణం అమరిక. పుస్తకాలకు నేల మీది చోటు చాలలేదు. అందుకని ఒక పక్కన నల్లటి ఉక్కు అరలను అంతస్తులుగా నిలబెట్టారు. పాత గోడలకు ఆనించలేదు. రేపు విప్పేసినా రాయి చెక్కుచెదరదు. మెట్లెక్కితే కప్పు మీది పాత చిత్రాలు దగ్గరవుతాయి. పూర్వం కింద మోకరిల్లిన భక్తులకు అంత దగ్గరగా కనిపించి ఉండవు. 2014లో యాజమాన్య సంస్థ దివాలా తీస్తే, దుకాణాన్ని నిలబెట్టడానికి పాఠకులే చందాలిచ్చారు. గాయకబృందం కూర్చునే చోట ఇప్పుడు కాఫీ ఇస్తారు. అది అపచారమని నేననుకోను.