మాలిక్యులర్ మెడిసిన్‌లో పీహెచ్‌డీ: హెచ్‌-4 మీద ఉన్నవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

ఊళ్లో సైన్స్ చదివి, పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చి, పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక "మళ్లీ చదువుకుంటే ఎలా ఉంటుంది?" అనుకునే తెలుగు ఆడవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి పదకొండేళ్లు ఇంట్లోనే ఉన్నాను. పోయినేడాది దరఖాస్తు చేస్తే ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయింది. ఈ ప్రయత్నంలో తెలిసినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ఏమిటీ సబ్జెక్టు?

జబ్బుకు కారణం కణంలోని ఏ అణువులో ఉందో కనిపెట్టి, అక్కడే వైద్యం చేయాలని చూసే శాస్త్రం ఇది. 1949లో లైనస్ పాలింగ్ బృందం సికిల్ సెల్ ఎనీమియాకు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపించింది. ఆ ప్రొటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన ఒకచోట వాలీన్ ఉండడమే తేడా అని తర్వాత వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చారు. 2023 డిసెంబరులో అదే జబ్బుకు క్రిస్పర్ పద్ధతిలో జన్యువును సవరించే చికిత్సకు ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లోనూ ఉన్న జబ్బు ఇది.

వయసు దాటిపోయిందని అనుకునేవాళ్లకు ఒక మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ వచ్చారు. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ అందుకునేనాటికి ఆయనకు 35 ఏళ్లు.

ఎమ్మెస్సా, పీహెచ్‌డీయా?

ఎమ్మెస్‌కు చాలావరకు ఫీజు మనమే కట్టుకోవాలి. బయోమెడికల్ పీహెచ్‌డీలో మామూలుగా ఫీజు మాఫీ, స్టైపెండ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటాయి. ఎమ్మెస్ లేకుండానే చేరవచ్చు. అయితే మన మూడేళ్ల బీఎస్సీని కొన్ని యూనివర్సిటీలు సరిపోదంటాయి, ఎమ్మెస్సీ కూడా ఉంటే ఆ చిక్కు తక్కువ.

చదువు సుమారు ఐదారేళ్లు. మొదటి ఏడాది క్లాసులతోపాటు రెండు మూడు ల్యాబ్‌లలో కొన్ని వారాల చొప్పున పనిచేసి గైడ్‌ను ఎంచుకుంటారు. ఆ తర్వాత క్వాలిఫయింగ్ పరీక్ష, చివర్లో థీసిస్ డిఫెన్స్. జాన్స్ హాప్కిన్స్‌లో సెల్యులర్ అండ్ మాలిక్యులర్ మెడిసిన్ పేరుతోనే ప్రోగ్రాం ఉంది. చాలాచోట్ల ఇది బయోమెడికల్ సైన్సెస్ కింద ఉంటుంది, కాబట్టి ఆ పేరుతో కూడా వెతకండి.

అసలు చిక్కు వీసాది

ఇంటర్వ్యూలో "చేరితే ఏ స్టేటస్ మీద చేరతారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మీకు అలా జరగకూడదు.

హెచ్‌-4 మీద ఫుల్‌టైం చదువుకోవచ్చు, స్టేటస్ మార్చుకోనక్కర్లేదు. కానీ అసిస్టెంట్‌షిప్ కింద ఇచ్చే స్టైపెండ్ ఉద్యోగం చేసినట్టు లెక్క. హెచ్‌-4కి ఆ అనుమతి ఉండదు. ఇక మిగిలేవి రెండు దారులు.

ఒకటి, హెచ్‌-4 ఈఏడీ. 2015 నుంచి ఉన్న ఈ సదుపాయం భర్తకు ఐ-140 ఆమోదమైనా, హెచ్‌-1బీ ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉన్నా వర్తిస్తుంది.

రెండు, ఎఫ్‌-1కి మారడం. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేయవచ్చు. అయితే ఎఫ్‌-1కి చదువయ్యాక వెనక్కి వెళ్లే ఉద్దేశం చూపాలి కాబట్టి, గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఉన్నవాళ్లు ముందు లాయరును అడగాలి.

ఇంకో సంగతి. హెచ్‌-4 భర్త ఉద్యోగం మీద ఆధారపడింది. ఆయన ఉద్యోగం పోతే గడువు మామూలుగా 60 రోజులే, చదువు మధ్యలో చిక్కుకుంటుంది. ఎన్‌ఐహెచ్ ట్రైనింగ్ గ్రాంట్లు సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే ఇస్తారు. మిగతావాళ్లకు యూనివర్సిటీయో గైడో డబ్బు చూడాలి. నిబంధనలు మారుతుంటాయి, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

గ్యాప్‌ను ఎలా చూపాలి?

నేను స్టేట్‌మెంట్‌లో సగం పేజీ ఇల్లు, పిల్లల గురించి సంజాయిషీ రాశాను. అది అనవసరం. గ్యాప్‌కు ఒక్క వాక్యం చాలు. మిగతాదంతా మీ ప్రాజెక్టులో ప్రశ్న ఏమిటి, మీరు చేతులతో ఏం చేశారు, ఏం తేలింది అన్నదాని మీదే ఉండాలి.

రికమండేషన్ లెటర్లు ఇంకో ఇబ్బంది. పదేళ్ల కిందటి మేడంకు మన ముఖం గుర్తుండదు. దగ్గరి యూనివర్సిటీలో నాన్‌డిగ్రీ విద్యార్థిగా ఒక గ్రాడ్యుయేట్ కోర్సు తీసుకుంటే చదువూ తాజాగా ఉంటుంది, లెటర్ రాసే ప్రొఫెసరూ దొరుకుతారు. ల్యాబ్‌లో వాలంటీరుగా చేరే ముందు మాత్రం అడగండి. జీతమిచ్చే పనిని ఉచితంగా చేసినా ఉద్యోగంగానే లెక్కించవచ్చు.

ఏడాది క్యాలెండర్

వేసవిలో ఇండియా నుంచి ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకోండి, ఆలస్యమయ్యేది అక్కడే. సెప్టెంబరు, అక్టోబరుల్లో నచ్చిన ల్యాబ్‌ల పేపర్లు చదివి చిన్న మెయిల్ రాయండి. చాలా దరఖాస్తులకు డిసెంబరు మొదట్లోనే గడువు. జీఆర్ఈ ఇప్పుడు చాలామంది అడగడం లేదు. జనవరి, ఫిబ్రవరుల్లో ఇంటర్వ్యూలు, సీటు వస్తే జవాబు చెప్పడానికి సాధారణంగా ఏప్రిల్ 15 గడువు, ఆగస్టులో క్లాసులు.

వీటన్నిటికంటే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. పెంచుతున్న కణాలకు ఆదివారమని తెలియదు, ఆ రోజు కూడా వెళ్లి మీడియా మార్చి రావాలి. పిల్లల్ని ఎవరు తీసుకొస్తారు, స్టైపెండ్‌లో డేకేర్‌కు ఎంత పోతుంది అన్నది కాగితం మీద వేసుకోండి. మేమూ వేసుకున్నాం. ఈసారి స్టేటస్ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంది. ఈ డిసెంబరులో మళ్లీ దరఖాస్తు చేస్తున్నాను.