డేగలశాల నుంచి గుర్రాల సందు దాకా

లండన్‌లో పెద్ద వీధుల వెనక, రాళ్లు పరిచిన సన్నటి సందులుంటాయి. వాటిని మ్యూస్ అంటారు. ఆ పేరు మొదట పక్షులది.

ఈకలు రాల్చే కాలంలో డేగ వేటకు పనికిరాదు. అన్నాళ్లూ దాన్ని ఉంచే చోటే మ్యూ. చేరింగ్ క్రాస్ దగ్గర రాజుగారి డేగలశాల ఉండేది. ఎనిమిదో హెన్రీ కాలంలో అక్కడికి గుర్రాలొచ్చాయి, పేరు మాత్రం అలాగే నిలిచింది. ఆ స్థలంలోనే 1838లో నేషనల్ గ్యాలరీ తెరిచారు.

తర్వాత శ్రీమంతుల ఇళ్ల వెనక సందులకూ అదే పేరు పాకింది. కింద గుర్రాలు, బగ్గీ. పైన గడ్డి అటక, దాని పక్కనే బండివాడి సంసారం. పేడ వాసన మధ్య పిల్లలు పెరిగిన ఆ ఇరుకు గదుల చరిత్రకు, ముందువైపు మేడల చరిత్రకున్నంత విలువా ఉంది.

మోటారు కార్లొచ్చాక ఆ సాలలు గ్యారేజీలయ్యాయి, ఆపైన ఇళ్లయ్యాయి. చాలావాటికి బండి పట్టే వెడల్పాటి తలుపులు ఇంకా ఉన్నాయి. ధరలే కోట్లకు చేరాయి.